రెండవ స్పర్శ: జాన్ న్యూటన్ జీవితములో అంధత్వము, వెలుగు

ఉపోద్ఘాతము

యోహాను సువార్త 9వ అధ్యాయములో పుట్టు గ్రుడ్డివాడు పరిసయ్యుల యెదుట ఇచ్చిన చిన్న సాక్ష్యము క్రైస్తవ లోకమంతటా పాడబడే ఒక కీర్తనకు ఆధారమైంది. ‘అమేజింగ్ గ్రేస్’ అనే ఆ కీర్తనను రచించినవాడు జాన్ న్యూటన్ (1725-1807). ఇంగ్లీషులోను, తెలుగు అనువాదములలోను మన సంఘాలు దీనిని పాడుతున్నాయి. మన ప్రసంగ వేదికల మీద దీని వెనుక కథ తరచుగా ఇలా వినబడుతుంది: న్యూటన్ ఆఫ్రికా బానిసలను అమ్మే ఓడ కెప్టెన్; సముద్రములో తుపాను వచ్చింది; దేవునికి మొరపెట్టాడు; అతని కన్నులు తెరువబడ్డాయి; వెంటనే ఆ వ్యాపారము విడిచిపెట్టి ఈ పాట వ్రాశాడు. ఆ రాత్రే ఓడను వెనుకకు త్రిప్పి బానిసలను విడిపించాడని చెప్పేవారు కూడా ఉన్నారు.

ఈ కథలో తుపాను నిజము, మొర నిజము. ‘వెంటనే’ అనే మాట మాత్రము చరిత్రకు నిలువదు. తుపాను వచ్చినది 1748లో. న్యూటన్ బానిస ఓడలను విడిచినది 1754లో. కీర్తన వ్రాసినది 1772 చివరిలో, సంఘములో వినిపించినది 1773 జనవరి 1న. బానిస వ్యాపారమును బహిరంగముగా ఖండించినది 1788లో. మొరకును ఖండనకును మధ్య నలువది సంవత్సరములు గడిచిపోయాయి. ఈ నలువది సంవత్సరములను ఏమి చేయాలి అన్నదే ఈ వ్యాసము యొక్క ప్రశ్న. విశ్వాసులు కలవరపడుదురని వాటిని దాచిపెట్టాలా, లేక వాటిలో మన కొరకు ఒక పాఠము ఉన్నదా?

1. వాక్యపు నేపథ్యము

అంధత్వమును గూర్చి క్రొత్త నిబంధన ఒకే విధముగా మాట్లాడదు. 2 కొరింథీ 4:4-6లో పౌలు అవిశ్వాసుల మనోనేత్రములకు కలిగిన అంధత్వమును గూర్చి చెప్పి, సృష్టి ఆరంభములో వెలుగును పిలిచిన దేవుడే హృదయములలో వెలుగు ప్రకాశింపజేయునని బోధిస్తున్నాడు. అయితే ఎఫెసీ 1:18లో, అప్పటికే విశ్వసించిన వారి మనోనేత్రములు వెలిగింపబడవలెనని అదే అపొస్తలుడు ప్రార్థిస్తున్నాడు. ప్రకటన 3:17-18లో లవొదికయ సంఘము తనకు ఏ కొదువయు లేదనుకొంటుండగా, ప్రభువు దానిని గ్రుడ్డిదిగా చూచి కంటికి కాటుక కొనుక్కొమ్మని హెచ్చరిస్తున్నాడు. 1 యోహాను 2:9-11 ఇంకా సూటియైనది. వెలుగులో ఉన్నానని చెప్పుకొంటూ సహోదరుని ద్వేషించువాని కన్నులకు చీకటియే గ్రుడ్డితనము కలుగజేసినదని అపొస్తలుని తీర్పు.

వీటికి తోడు మార్కు 8:22-26లో బేత్సయిదా గ్రుడ్డివాని స్వస్థత ఉన్నది. ప్రభువు మొదటిసారి చేతులుంచినప్పుడు అతనికి చూపు వచ్చింది గాని, మనుష్యులు నడుస్తున్న చెట్లవలె కనబడ్డారు. రెండవసారి చేతులుంచిన తరువాతనే సమస్తమును తేటగా చూచాడు. ప్రభువు శక్తికి కొదువ ఉండి ఇలా జరుగలేదు. ఆ వెంటనే వచ్చే వాక్యభాగములో పేతురు యేసును క్రీస్తని ఒప్పుకొనుట, మరుక్షణమే సిలువ మార్గమునకు అడ్డుపడుట చూస్తే, మార్కు ఈ సంఘటనను ఇక్కడ ఎందుకు ఉంచాడో అర్థమవుతుంది. శిష్యులకు చూపు వచ్చింది, కాని ఇంకా తేటపడలేదు. న్యూటన్ చరిత్రను చదువుటకు ఈ వాక్యభాగమే తగిన తాళపుచెవి.

2. తుపాను వరకు

న్యూటన్ 1725 జూలైలో లండనులో జన్మించాడు. తండ్రి వాణిజ్య నౌకల కెప్టెన్. భక్తిపరురాలైన తల్లి అతనికి బాల్యములోనే లేఖనములు నేర్పి, దైవసేవకుడు కావలెనని ఆశించింది. అతనికి ఏడేండ్లు నిండకముందే, 1732లో ఆమె క్షయవ్యాధితో మరణించింది. 11వ యేట అతడు తండ్రితో సముద్రము మీదికి వెళ్లాడు.

1744లో అతనిని బలవంతముగా పట్టుకొని ‘హార్విచ్’ అనే రాజు యుద్ధనౌకలో చేర్చారు. ఆ నౌక తూర్పు ఇండియా వైపు బయలుదేరుతున్నదని తెలిసి, ఓడను విడిచి పారిపోయాడు. పట్టుబడి కొరడా దెబ్బలు తిన్నాడు, హోదా పోగొట్టుకొన్నాడు. 1745లో మదైరా దీవి వద్ద అతనిని ఒక బానిస ఓడకు మార్చారు. పడమటి ఆఫ్రికాలో సియెర్రా లియోన్ తీరమున ఒక బానిస వ్యాపారి దగ్గర పనిలో చేరి, జ్వరముతో, ఆకలితో, అవమానములతో తానే బానిసవలె బ్రతికాడు. ఆ దినములలో అతడు దేవుని దూషించుట మాత్రమే గాక, ఇతరుల విశ్వాసమును చెరుపుటలో ఆనందించేవాడినని తరువాత స్వయముగా వ్రాశాడు.

తండ్రి కోరిక మీద ‘గ్రేహౌండ్’ అనే ఓడ అతనిని ఎక్కించుకొంది. 1748 మార్చి 10న (నాటి ఇంగ్లండు పంచాంగము ప్రకారము) ఉత్తర అట్లాంటిక్‌లో తుపాను ఆ ఓడ ప్రక్కను చీల్చింది. న్యూటన్ గంటల తరబడి పంపు దగ్గర నీళ్లు తోడి, తరువాత చుక్కాని పట్టుకొని నిలిచాడు. పని మధ్యలో తన నోటి వెంట దేవుని కనికరమును కోరే మాట వచ్చినందుకు తానే ఉలిక్కిపడ్డాడు. నాలుగు వారముల తరువాత శిథిలమైన ఆ ఓడ ఐర్లాండు తీరము చేరింది. ఈ లోగా అతడు క్రొత్త నిబంధన చదువుతూ, లూకా 11:13లో అడుగువారికి పరిశుద్ధాత్మ ననుగ్రహించెదనన్న వాగ్దానమును, తప్పిపోయిన కుమారుని ఉపమానమును గట్టిగా పట్టుకొన్నాడు. జీవితాంతము ఆ తేదీని అతడు స్మరించుకొన్నాడు. ఇది మొదటి స్పర్శ. దీనిని తక్కువ చేయవలసిన పని లేదు.

3. తుపాను తరువాత ఆరు సంవత్సరములు

అదే సంవత్సరము న్యూటన్ ‘బ్రౌన్లో’ అనే బానిస ఓడ మీద కెప్టెన్‌కు తరువాతి అధికారిగా మరల ఆఫ్రికాకు వెళ్లాడు. 1750లో తాను ప్రేమించిన మేరీ కాట్లెట్‌ను వివాహము చేసికొన్నాడు. ఆ యేడే ‘డ్యూక్ ఆఫ్ ఆర్గైల్’ అనే బానిస ఓడకు కెప్టెన్ అయ్యాడు. తరువాత ‘ఆఫ్రికన్’ అనే ఓడ మీద రెండు ప్రయాణములు చేశాడు. మొత్తము మీద కెప్టెన్‌గా మూడు ప్రయాణములు, అన్నియు తుపాను తరువాతనే.

ఈ ప్రయాణములలో అతడు ఆదివారమున నావికులను సమకూర్చి ఆరాధన జరిపించాడు. ఒంటరిగా లేఖనములు ధ్యానించాడు, దినచర్య వ్రాశాడు, భార్యకు భక్తితో నిండిన ఉత్తరములు పంపాడు. గినియా తీరమునకు చేసిన చివరి రెండు ప్రయాణములలో కలిగినంత మధురమైన దైవసహవాసము తాను ఇంకెప్పుడూ ఎరుగనని 1764లో అచ్చైన తన ఆత్మకథలో చెప్పాడు. అదే కాలములో అతడు వ్రాసిన ఓడ చిట్టాలో మరియొక లోకము కనబడుతుంది. బానిసల తిరుగుబాటు అనుమానము వచ్చినప్పుడు, 1752 డిసెంబరులో, కుర్రవాళ్లకు సంకెళ్లు వేయించి, నిజము చెప్పించుటకు బొటనవ్రేళ్లను నొక్కే ఇనుప మరలు బిగించినట్లు అతని చేవ్రాతలోనే ఉన్నది. ప్రార్థన జరిగిన బల్లల క్రిందనే సంకెళ్లలో మనుష్యులు పడియున్నారు. ప్రార్థించినవాడు వేషధారి కాడు. ఇదియే మనలను భయపెట్టవలసిన విషయము.

అతడు ఓడలను విడిచినది కూడా మనస్సాక్షి గద్దింపు వలన కాదు. 1754 నవంబరులో, మరొక ప్రయాణమునకు బయలుదేరవలసిన రెండు దినముల ముందు, అకస్మాత్తుగా మూర్ఛ వచ్చి పడిపోయాడు. వైద్యులు సముద్రయానము వద్దన్నారు. 1755 నుండి లివర్‌పూల్ రేవులో సుంకపు అధికారిగా పనిచేసి, 1764లో ఆంగ్లికన్ సంఘములో అభిషేకము పొంది ఓల్నీ గ్రామములో సేవ ప్రారంభించాడు.

4. ఆ కన్నులను మూసినదేమి?

ఇంత లేఖన జ్ఞానము గలవానికి కాళ్ల క్రింద ఉన్న పాపము ఎందుకు కనబడలేదు? నిర్గమ 21:16 మనుష్యుని దొంగిలించి అమ్మువానికి మరణశిక్ష విధించింది. 1 తిమోతి 1:10 మనుష్యచోరులను నరహంతకుల వరుసలో చేర్చింది. ఈ వాక్యములు అతని బైబిలులోనూ ఉన్నాయి.

ఆత్మకథలో అతడే కొంత జవాబు ఇచ్చాడు. ఆ వ్యాపారములో ఉన్నంత కాలము అది ధర్మమా అధర్మమా అన్న సందేహమే తనకు రాలేదని, దేవుడు తనకు నియమించిన ఉద్యోగముగా భావించానని వ్రాశాడు. సంకెళ్లు, తాళములతో తాను చెరసాల అధికారివంటివాడినని కొంత ఇబ్బంది పడి, ఇంతకంటె దయగల వృత్తి ఇమ్మని ప్రార్థించాడు కూడా. తనకు వేరే ఉద్యోగము కావాలని అడిగాడు గాని, ఓడ అడుగున ఉన్నవారికి స్వాతంత్ర్యము కావాలని అడుగలేదు.

మూడు తెరలు ఇక్కడ స్పష్టముగా కనబడతాయి. మొదటిది జీవనోపాధి. లివర్‌పూల్ పట్టణపు సంపద ఈ వ్యాపారము మీద ఆధారపడింది, న్యూటన్ కుటుంబపు ఆశలు కూడా. రెండవది సమాజపు అంగీకారము. చట్టము దీనిని అనుమతించింది. సంఘము కూడా అడ్డు చెప్పలేదు. ఆంగ్లికన్ మిషనరీ సంస్థయొకటి బార్బడోసు దీవిలో బానిసలతో పనిచేయించే కాడ్రింగ్టన్ తోటలను స్వయముగా నడిపింది. గొప్ప ఉజ్జీవ ప్రసంగీకుడైన జార్జి వైట్‌ఫీల్డ్ జార్జియాలో బానిసత్వమును చట్టబద్ధము చేయవలెనని వాదించి, తానే బానిసలను కలిగియున్నాడు. మూడవది భక్తిని అంతరంగమునకే పరిమితము చేసికొనుట. ప్రార్థనలో కలిగిన మాధుర్యము, జీవితమంతయు సరిగా ఉన్నదనుటకు ఋజువుగా తోచింది.

అయితే ‘ఆ కాలమువారు అందరూ అంతే’ అని తప్పించుకొనుటకు చరిత్ర ఒప్పుకొనదు. 1688లోనే అమెరికాలోని జర్మన్‌టౌన్‌లో కొందరు క్వేకర్లు బానిసత్వమునకు వ్యతిరేకముగా వ్రాతపూర్వకముగా అభ్యంతరము తెలిపారు. న్యూటన్ ఓడలు నడుపుతున్న దినములలోనే జాన్ వూల్మన్ అనే సామాన్యుడు ఇంటింటికి తిరిగి బానిసలను విడిచిపెట్టుడని బ్రతిమాలుతున్నాడు. జాన్ వెస్లీ 1774లో బానిసత్వమును ఖండిస్తూ గ్రంథము ప్రకటించాడు. అన్నిటికంటె ముందు, ఓడ అడుగున ఉన్నవారు ఉన్నారు. అది పాపమని వారికి ఎవరూ నేర్పనక్కరలేదు. తిరుగుబాట్లే వారి సాక్ష్యము. వెలుగు లేకపోలేదు. కన్నులు మూయబడియున్నాయి.

5. రెండవ స్పర్శ

న్యూటన్‌లో మార్పు ఒక్క దినములో రాలేదు గనుక దానికి తేదీ వేయలేము. దాని దారి మాత్రము తెలుస్తుంది. ఓల్నీలో పేద జనుల మధ్య కాపరిగా గడిపిన సంవత్సరములు అతని హృదయమును మెత్తబరచాయి. అక్కడ కవి విలియం కౌపర్ అతని పొరుగువాడైనాడు. ఇద్దరి కీర్తనలు కలిసి 1779లో ‘ఓల్నీ హిమ్స్’గా అచ్చయ్యాయి. 1773 నూతన సంవత్సర దినమున 1 దినవృత్తాంతములు 17:16-17 మీద ప్రసంగమునకు తోడుగా సిద్ధపరచిన కీర్తనయే ‘అమేజింగ్ గ్రేస్’. దావీదు తన గతమును, దేవుని వాగ్దానమును తలంచి విస్మయమొందిన వాక్యభాగమది. ఆ జనవరిలోనే కౌపర్ తీవ్రమైన మానసిక వేదనలో పడి, దేవుడు తనను విసర్జించాడని నమ్మాడు. న్యూటన్ అతనిని అవిశ్వాసియని గద్దింపక, తన ఇంటిలోనే నెలల తరబడి ఉంచుకొని ఆదరించాడు. మనోవ్యాధిలోని చీకటిని ఆత్మీయ అంధత్వమని పిలిచే తొందర మనకు ఉంటే, ఈ కాపరిని చూచి నేర్చుకొనవలెను. ఆ కౌపరే 1788లో బానిసల పక్షముగా పద్యములు వ్రాశాడు.

1780లో న్యూటన్ లండనులోని సెయింట్ మేరీ వుల్నాత్ దేవాలయమునకు కాపరిగా వెళ్లాడు. 1785 డిసెంబరులో యువ పార్లమెంటు సభ్యుడు విలియం విల్బర్‌ఫోర్స్ రహస్యముగా అతని యొద్దకు వచ్చి, రాజకీయములు విడిచి సేవలోనికి రావలెనా అని అడిగాడు. ఉన్నచోటనే ఉండి దేవుని సేవించమన్నది న్యూటన్ సలహా. 1787లో బానిస వ్యాపార నిర్మూలన సంఘము ఏర్పడింది. అదే సంవత్సరము ఒట్టోబా కుగోవానో, 1789లో ఒలౌడా ఎక్వియానో, ఒకప్పుడు బానిసలైన ఈ ఇద్దరు ఆఫ్రికా క్రైస్తవులు తమ గ్రంథములను ప్రకటించారు. అంతవరకు సరకుగా లెక్కింపబడినవారు వాక్యము చేతబట్టి ఇంగ్లండు సంఘమును ప్రశ్నించారు.

1788లో న్యూటన్ ఆఫ్రికా బానిస వ్యాపారముపై తన ఆలోచనలను చిన్న పుస్తకముగా ప్రకటించాడు. అందులో తన పాత్రను దాచలేదు. తన ఒప్పుకోలు ఎంతో ఆలస్యముగా వచ్చిందని, ఇప్పుడు తలంచుకొంటే హృదయము వణికే పనిలో ఒకప్పుడు తానే పనిముట్టునైతినని, మౌనముగా ఉంటే అది నేరమగునని వ్రాశాడు. ఓడ అడుగున మనుష్యులను అరలో పుస్తకములవలె ప్రక్కప్రక్కన పేర్చుటను, స్త్రీలపై జరిగే దౌర్జన్యమును, బొటనవ్రేళ్ల మరలను వివరించాడు. పార్లమెంటు సభ్యులకు ఆ పుస్తకము పంచబడింది. ప్రీవీ కౌన్సిల్ యెదుట, తరువాత 1790లో పార్లమెంటు కమిటీ యెదుట సాక్ష్యమిచ్చాడు. ఆ సాక్ష్యమునకు బలము ఎక్కడిది? దానిని చెప్పినవాడు ఓడ కెప్టెన్. 1748 నాటి సాక్ష్యములో దేవుడు తనకు చేసినది ఉన్నది. 1788 నాటి సాక్ష్యములో తాను ఇతరులకు చేసినది కూడా ఉన్నది. మనుష్యులు ఇప్పుడు చెట్లవలె గాక మనుష్యులుగా కనబడ్డారు.

బిల్లు పలుమార్లు ఓడిపోయి, చివరకు 1807 మార్చి 25న చట్టమైంది. అప్పటికి న్యూటన్ శరీర నేత్రములు దాదాపు చూపు కోల్పోయాయి. అదే సంవత్సరము డిసెంబరు 21న అతడు మరణించాడు. బ్రిటిషు సామ్రాజ్యములో బానిసత్వ నిర్మూలన చట్టము 1833లో గాని రాలేదు. నాలుగు శతాబ్దములలో అట్లాంటిక్ ఓడలలోనికి ఎక్కింపబడిన ఆఫ్రికావారు సుమారు 1 కోటి 25 లక్షలని పరిశోధకుల అంచనా. దారిలోనే సుమారు 18 లక్షలమంది మరణించారు. ఆలస్యముగా తెరువబడిన కన్నులకు ఇతరులు చెల్లించిన వెల ఇది.

6. న్యూటన్ ఇంటి నుండి మన దేశమునకు

1796లో డేనియల్ విల్సన్ అనే పద్దెనిమిదేండ్ల యువకుడు ఆత్మీయ కలవరములో వృద్ధుడైన న్యూటన్‌ను కలిసి ఆలోచన పొందాడు. ఆ యువకుడే 1832లో కలకత్తా బిషప్‌గా మన దేశమునకు వచ్చాడు. దక్షిణాది సంఘాలలో అప్పటికి వంద సంవత్సరములకు పైగా కుల భేదమును సహిస్తూ వచ్చారు. తరంగంబాడి మిషను నాటి నుండి ఆరాధనలో వేర్వేరు స్థలములలో కూర్చుండుట మామూలైపోయింది. 1833 జూలైలో విల్సన్ వ్రాసిన లేఖ, సంఘములో కులమును నిశ్చయముగా, ఆలస్యము లేకుండా విడిచిపెట్టవలెనని ఆజ్ఞాపించింది. తంజావూరు ప్రాంతములోను, మద్రాసు వేపేరిలోను అనేకులు దీనిని అంగీకరింపక సంఘమును విడిచివెళ్లారు. బాప్తిస్మము పొంది, కీర్తనలు పాడి, తరతరములుగా విశ్వాసులైనవారికి ఈ ఒక్క విషయములో చూపు లేదు.

తెలుగు నేలపై ఇదే పరీక్ష ఒంగోలులో వచ్చింది. 1866లో అక్కడికి వచ్చిన జాన్ క్లౌ దొర పాఠశాలను అగ్రవర్ణముల వారు మొదట ఆదరించారు. యర్రగుంట్ల పేరయ్య సాక్ష్యము ద్వారా మాదిగ విశ్వాసులు సంఘములో చేరుతుండగా, వారిని చేర్చుకొంటే మేము రామని వారు చెప్పారు. ఆ రాత్రి క్లౌ, ఆయన భార్య వేర్వేరు గదులలో బైబిలు తెరువగా ఇద్దరికీ 1 కొరింథీ 1:26-29 కనబడినదని క్లౌ తన జీవిత చరిత్రలో చెప్పుకొన్నాడు. గొప్పవారి ఆదరణ పోయినను ఆయన పేదలను చేర్చుకొన్నాడు. కరువు తరువాత 1878 జూలై 3న ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఇక్కడ మొదట చూచినవాడు పేరయ్య. మిషనరీ కన్నులు ఆయన వెనుక తెరువబడ్డాయి.

అయినను ఆ చరిత్రకు వారసులమైన మనము క్షేమముగా ఉన్నామా? అణచివేయబడినవారి సంఘములోనే మాల, మాదిగ అనే గోడ అనేక గ్రామములలో రెండు మందిరములుగా నిలిచియున్నది. ప్రభువు బల్ల దగ్గర ఒక పాత్ర త్రాగినవారు పెండ్లి సంబంధము దగ్గర వెనుకకు తగ్గుతారు. కాపరుల బదిలీలలో, సంఘ ఎన్నికలలో కులపు లెక్కలు ఎవరికీ తెలియనివి కావు. మన ఆదివారపు ఆరాధన న్యూటన్ ఓడ మీది ఆరాధన కంటె మధురముగానే ఉండవచ్చు. బల్లల క్రింద ఎవరున్నారు అన్నదే ప్రశ్న.

7. సేవకుల ఆలోచన కొరకు

మొదటిగా, సాక్ష్యములను సత్యముగా చెప్పుదము. న్యూటన్ కథను ఒక్క రాత్రిలో ముగించితే, బాప్తిస్మపు దినముతోనే తమ చూపు సంపూర్ణమైనదని విశ్వాసులు తలంచుదురు. నలువది సంవత్సరముల కథ చెప్పితే, ప్రభువు ఇంకా ముట్టవలసినది ఉన్నదని గ్రహించుదురు. తుపాను తరువాత చాలా కాలము వరకు తాను పూర్ణార్థములో విశ్వాసిని కానని న్యూటనే ఒప్పుకొన్నాడు.

రెండవదిగా, అంధత్వమును ఇతరులను తీర్పు తీర్చే ఆయుధముగా వాడుట మానుకొందము. యోహాను 9:3లో ప్రభువు చూపు లేనివానిని గాని అతని తలిదండ్రులను గాని నిందింపలేదు. ఆ అధ్యాయము చివర అంధులుగా తేలినది, చూచుచున్నామని చెప్పుకొన్న మతపెద్దలే. మన మందిరములలో చూపు లేని సహోదరులు కూర్చుండి వింటారు. ఆ పోలికను వాడునప్పుడు వారి మనస్సు నొచ్చుకొనకుండ మాట్లాడవలెను.

మూడవదిగా, మన చూపు తేటపడుటకు దేవుడు ఎవరిని వాడుచున్నాడో గమనింతము. న్యూటన్ తరానికి కుగోవానో, ఎక్వియానో వంటివారి స్వరము, క్లౌకు పేరయ్య స్వరము దేవుని కాటుకగా వచ్చాయి. సంఘములో ఎవరి మాటకు మనము చెవి ఇవ్వమో, అక్కడనే మన అంధత్వము దాగియుండవచ్చు.

ముగింపు

బేత్సయిదాలో ఆ మనిషిని ప్రభువు ఏమైనా కనబడుచున్నదా అని అడిగాడు. కనబడుచున్నదని మాత్రమే చెప్పి అతడు వెళ్లిపోయి ఉంటే, జీవితాంతము మనుష్యులను చెట్లుగానే చూచి ఉండేవాడు. తనకు కనబడినది తేటగా లేదని నిజము చెప్పాడు గనుక రెండవసారి ఆయన చేతులు అతని కన్నుల మీద నిలిచాయి. ‘అమేజింగ్ గ్రేస్’ పాడించే ప్రతి కాపరియు, వేదాంత విద్యార్థియు ఆ ప్రశ్నను తనకు తాను వేసికొని, అంత నిజాయితీగా జవాబు చెప్పవలెను. ముట్టిన ప్రభువు మరల ముట్టుటకు సిద్ధముగానే ఉన్నాడు.